స్త్రీలు – వృత్తులు: నీటి ఆపరేటరు యోగ్యతాపత్రము



కుళాయి త్రిప్పినంతనే నీరు వచ్చును. దానిని బిందెకు పట్టుదుము, బియ్యము కడుగుదుము, చంటిబిడ్డకు కాచి పట్టుదుము. పాలలో నీళ్లు కలిసినవని తోచినచో పాలవానితో వెంటనే తగవులాడుదుము. కాని నీటిలో నేమి కలిసినదని యడుగువారము కాము. ఆ నీరు మన గడప చేరకముందు ఎవరి చేతిమీదుగా వచ్చినదో, ఆ చేయిగలవారికి తమ పని యెంతవఱకు తెలియునో విచారించినవారు మనలో అరుదు.

ఈ మాసము ఆ చేతిపనినే మా శీర్షికకు విషయముగా గ్రహించితిమి. ఉత్తర అమెరికా దేశములలో త్రాగునీటిని శుద్ధిచేసి ఊరికి పంపువారిని వాటర్ ఆపరేటర్లనియు, వాడిన నీటిని, మురుగును శుద్ధిచేసి యేటికి విడుచువారిని వేస్ట్ వాటర్ ఆపరేటర్లనియు అందురు. ప్రజల నీటిసరఫరాలో ఈ పనులు చేయుటకు అచ్చట ప్రభుత్వపు లైసెన్సు కావలయును. దానికి పరీక్ష యున్నది. కెనడాలోను అమెరికాలోను కాపురముండు మన ఆడపడుచులలో రసాయనశాస్త్రమో, జీవశాస్త్రమో చదివి, ఆ చదువునకు తగిన పని దొరకక, కంప్యూటరు కొలువులయందు రుచిలేక యూరకుండువారు కొందఱు కలరు. వారికి ఈ వృత్తి యొకటి యున్నదని తెలుపుట మా మొదటి యుద్దేశము. ఇక స్వదేశమందున్న చదువరులకు ఈ సంగతి యెందుల కందురా? పరీక్ష లేకయే యోగ్యతాపత్రము లిచ్చిన యొక చోట నేమి జరిగినదో తెలిసికొన్నచో, ఆ ప్రశ్న మరల నడుగరు.

కెనడా దేశమున ఒంటారియో రాష్ట్రములో వాకర్టన్ అను చిన్న యూరు కలదు. 2000 సంవత్సరమున అందు ఇంచుమించు 5,000 మంది కాపురముండిరి. ఊరికి నీరు బావులనుండి వచ్చుచుండెను. వానిలో అయిదవ నంబరు బావి లోతు తక్కువది. పగుళ్లు వాఱిన రాతినేలనుండి దానిలోనికి నీరు చేరును. దాని సమీపమున నొక పశువుల క్షేత్రము కలదు. ఆ రైతు తన పొలమునకు పేడ యెరువు వేసికొనెను. అందులో నతని తప్పేమియు లేదనియు, మంచి రైతు చేయవలసిన రీతినే చేసెననియు పిమ్మట విచారణలో తేలినది. ఆ యేడు మే 8 మొదలు 12 వఱకు కుండపోతగా వర్షము కురిసినది. పేడలోని క్రిములు నేలలోనికి దిగి, పగుళ్లవెంబడి బావిలో చేరినవి. వానిలో ఇ. కోలై జాతిలోని యొక ప్రమాదకరమైన క్రిమి యుండెను. అది కడుపులో చేరినచో నెత్తుటి విరేచనములు కలుగును. చిన్నపిల్లలకును వృద్ధులకును మూత్రపిండములు చెడును.

బావినీటిలో క్లోరిను కలుపు యంత్రము లేకపోలేదు. నీటిలో క్లోరిను కలిసిన పదునైదు నిమిషముల పిమ్మట లీటరుకు అర మిల్లిగ్రాము క్లోరిను ఇంకను మిగిలి యుండవలెనని ప్రభుత్వమువారి నియమము. ఆ మిగులును ప్రతిదినము కొలిచి పుస్తకములో వ్రాయవలసిన పని ఆపరేటర్లది. వాకర్టనులో నీటి వ్యవహారము చూచుచుండిన మేనేజరును, అతని సోదరుడైన ఫోర్‌మనును ఏండ్ల తరబడి చేసినదేమనగా, క్లోరిను తక్కువగా కలుపుట, మిగులును కొలువకయే కొలిచినట్లు పుస్తకములో వ్రాయుట. ఆ పుస్తకములలో దినదినము 0.5 అనియో, 0.75 అనియో ఒకటే అంకె కనబడుచుండెను. వర్షమున్నను లేకున్నను, వేసవియైనను శీతకాలమైనను అదే అంకె! మన యిండ్లలో పద్దు పుస్తకము వ్రాయు ఇల్లాలికి ఇది చూచినంతనే అనుమానము కలుగును. నెల పొడుగున కూరగాయల ఖర్చు ప్రతిదినము సరిగా ఒకే మొత్తమైనచో ఆ పద్దు బజారునకు పోయి వ్రాసినది కాదని యెవరైనను చెప్పుదురు. నీటి నమూనాలను సైతము ఒకచోట పట్టి, వేఱొక చోటివని చీటీ లంటించిరి.

మే 15వ తేదీన పట్టిన నమూనాలలో క్రిములున్నవని పరీక్షశాలవారు 17వ తేదీన మేనేజరునకు తెలిపిరి. అతడు ఆ మాట ఆరోగ్యశాఖవారికి చెప్పలేదు. ఊరిలో జనులు జబ్బుపడ నారంభించినందున ఆరోగ్యశాఖవారు 19వ తేదీనను 20వ తేదీనను అడుగగా, నీరు బాగుగానే యున్నదని బదులు చెప్పెను.

ఈలోపున, సమీపమందలి ఓవెన్ సౌండ్ పట్టణపు ఆసుపత్రికి వాకర్టనునుండి ఇద్దఱు పిల్లలు నెత్తుటి విరేచనములతో వచ్చిరి. వారిని చూచిన పిల్లల వైద్యురాలు డాక్టరు క్రిస్టెన్ హాలెట్ అను నామె. ఒకే యూరినుండి ఒకే మాదిరి జబ్బుతో ఇద్దఱు వచ్చుట ఆమెకు సరిగా తోచలేదు. ఇది ఇ. కోలై కావచ్చునని యనుమానించి ఆరోగ్యశాఖకు తెలిపెను. ఈ కథలో తన పని తనకు తెలిసి, తెలిసినది తెలిసినట్లు చెప్పిన మనిషి యెవరని మమ్మడిగినచో మొదట ఈమె పేరే చెప్పుదుము. మే 21వ తేదీన, నీరు కాచి త్రాగవలెనని ఆరోగ్యాధికారి ప్రకటించెను. అప్పటికే ఆలస్యమైపోయినది. 2,300 మందికి పైగా జబ్బుపడిరి, 65 మంది ఆసుపత్రి పాలైరి, 27 మందికి మూత్రపిండముల వ్యాధి సోకినది, ఏడుగురు మరణించిరి.

డెన్నిస్ ఓకానర్ అను న్యాయమూర్తి విచారణ జరిపి 2002లో రెండు భాగములుగా నివేదిక సమర్పించెను. అందలి సంగతులన్నియు వ్రాయ నీ పుటలు చాలవు. మా శీర్షికకు కావలసినది ఒకటే. ఆ యిరువురు సోదరులకును యోగ్యతాపత్రములు ఉన్నవి! లైసెన్సు లేని దొంగపనివారు కారు. అయినను ఆ పత్రములు పరీక్షకు కూర్చుండి, ఉత్తీర్ణులై సంపాదించినవి కావు. ఒంటారియోలో లైసెన్సు పద్ధతి క్రొత్తగా పెట్టినప్పుడు, అంతకుముందే పనిలో నున్నవారికి వారి యనుభవమును బట్టి, పరీక్ష లేకయే పత్రము లిచ్చిరి. పాతకాపులను ఇబ్బంది పెట్టరాదను దయ అందులో నున్నది. ఇన్నేండ్లు పని చేసినవానికి పని తెలియకుండునా యను నమ్మకమును ఉన్నది.

మేము అనుభవమును తక్కువచేసి మాటలాడువారము కాము. పచ్చడి జాడీమూత తీసినంతనే ఉప్పు చాలినదో లేదో చెప్పగల అమ్మమ్మలు మన యిండ్లలో నుండిరి. ఏ కళాశాలయు వారికి నేర్పలేదు. కాని వారు చేసిన పచ్చడి చెడినచో మొదట తెలిసినది వారికే. తప్పు చేసిన దినమే దాని ఫలితము కంటబడినప్పుడు అనుభవము మంచి గురువగును. నీటిపని అటువంటిది కాదు. క్లోరిను తక్కువగా కలిపిన నాడెల్ల ఊరు జబ్బుపడదు. బావిలోనికి మురికి దిగని దినములు వేయి గడచును. ఆ వేయి దినములును తప్పుగా పనిచేసినవానికి, తన పని సరిగానే యున్నదని నమ్మకము బలపడుచుండును. ఆ సోదరులు శుద్ధిచేయని బావినీటిని తాము సైతము త్రాగుచుండెడివారు. అది మంచినీరని వారి నమ్మకము. ఊరిలో కొందఱు క్లోరిను వాసన వచ్చుచున్నదని, తగ్గింపుడని వారిని ఒత్తిడి చేయుచుండిరి కూడ. ఇది వ్రాయుచుండగా మాకు కొంచెము సిగ్గువేసినది. మున్సిపల్ నీరు మందువాసన కొట్టుచున్నదని విసుగుకొనని ఇల్లాలు ఏ వీథిలో నున్నది?

వారు ఊరికి కీడుచేయవలెనని చేసినవారు కారు. ఆ క్రిమి యెంత ప్రమాదకరమో వారికి తెలియదు. తెలియనందుననే కొలత వారికి వట్టి గుమాస్తా పనిగా తోచినది. ప్రతి సంవత్సరము నలువది గంటలు శిక్షణ పొందవలెనను నియమము అప్పుడును ఉన్నది. దానిని వారు సరిగా పాటింపలేదు. ఆ దినములలో అయిదవ బావియొద్ద క్లోరిను మిగులును రోజు కొక్కమారు నిజముగా కొలిచియుండిన యెడల, నీటికి ఆపద వచ్చినదని వెంటనే తెలిసి, ఇందఱు జబ్బుపడకుండిరని న్యాయమూర్తి తేల్చెను. మిగులును ఎడతెగక కొలుచు యంత్రమును పెట్టియుండినచో ఆపద రాకనే యుండెడిదట. 2004లో మేనేజరునకు ఒక సంవత్సరము కారాగారశిక్షయు, అతని సోదరునకు తొమ్మిది మాసములు ఇంటనే నిర్బంధమును విధించిరి. ప్రభుత్వమును కూడ న్యాయమూర్తి విడిచిపెట్టలేదు. తనిఖీలు సరిగా లేవనియు, పరీక్షశాలలు చెడు ఫలితమును నేరుగా ఆరోగ్యశాఖకు తెలుపవలెనను చట్టము చేయలేదనియు తప్పుపట్టెను.

రోజు కొక్కమారు చేయు ఆ కొలతయందు ఏమి మహిమ యున్నదో వివరింతుము. పరీక్షలో మొదట నడుగునది ఇదియే. ఇత్తడిబిందె తోముటకు చింతపండు తీసికొందుము. బిందె కొంచెమే మాసియున్నచో నిమ్మకాయంత చింతపండుతో మెఱయును, చేతిలో కొంత మిగులును. చిలుము పట్టి నల్లబడినచో ఆ చింతపండంతయు చిలుమునకే సరిపోవును, మెఱుపు రాదు. క్లోరినును అట్టిదే. నీటిలో మురికి యున్నచో క్లోరిను మొదట దానితో కలిసి ఖర్చయిపోవును. మురికికి సరిపోగా మిగిలినదే క్రిములను చంపుటకును, గొట్టములలో పోవు త్రోవలో నీటిని కాపాడుటకును ఉపయోగపడును. కలిపినదానిలోనుండి ఖర్చయినది తీసివేయగా వచ్చునది మిగులు. ఆపరేటరునకు తాను కలిపినదెంతో ఎల్లప్పుడు తెలియును. నీరు ఎంత తినివేసినదో, మిగులును కొలిచినగాని తెలియదు.

అంకెలలో చూతము. ఒక యూరికి దినమునకు 2,000 ఘనమీటర్ల నీరు పంపవలెననుకొందము. లీటరుకు 2 మిల్లిగ్రాముల వంతున క్లోరిను కలుపవలెను. లీటరుకు మిల్లిగ్రామన్నను, ఘనమీటరుకు గ్రామన్నను ఒకటే. కావున 2,000ను 2తో హెచ్చింపగా 4,000 గ్రాములు, అనగా 4 కిలోలు. మనయొద్ద నున్నది నూటికి 12 పాళ్లు క్లోరినుగల ద్రావకమైనచో, 4ను 0.12తో భాగింపగా 33 కిలోలకు కొంచెము పైగా ద్రావకము కావలెను. మామూలు దినములలో నీరు 0.8 తినివేయునేని 1.2 మిగులును. వర్షము కురిసి మురికి దిగిన దినమున 1.9 తినివేయునేని మిగులునది 0.1 మాత్రమే. యంత్రము నిన్నటివలెనే తిరుగుచుండును. ద్రావకము నిన్నటివలెనే తఱుగుచుండును. ఊరికి పోవు నీటికి మాత్రము కావలి లేదు. ఈ లెక్కలో అయిదవ తరగతి పిల్లకు రాని గుణకారము లేదు. అమెరికా పరీక్షలలో గ్యాలను నీటి బరువు 8.34 పౌండ్లను అంకెతో లెక్క చేయుదురు. మన దేశములో మెట్రిక్ కొలతలకు అలవాటుపడినవారు దీనికి కొంచెము తికమక పడుదురు. పది లెక్కలు చేసినచో పోవును.

మిగులుతోపాటు కాలమును అడుగుదురు. క్లోరిను తాకినంతనే క్రిములన్నియు చచ్చునని తలచరాదు. కొంత సేపు నీటిలో నిలిచియుండవలెను. మిగులును నిమిషములతో హెచ్చించి చూతురు. అర మిల్లిగ్రాము పదునైదు నిమిషములు నిలిచినచో ఏడున్నర. నీరు చల్లనిదైనను, ఆమ్లక్షారగుణము మాఱినను ఎక్కువ కావలెను. మడ్డినీటిలో క్రిములు మట్టిరేణువుల చాటున దాగికొనును గనుక ముందు మడ్డిని తేర్చవలెను. పూర్వము మన పల్లెలలో కడవ లోపల చిల్లగింజ నరగదీసి నీరు తేర్చుట ఎరిగినవారికి ఈ పాఠము కొత్తగా నుండదు. శుద్ధికేంద్రములలో ఎక్కువగా పటికనే వాడుదురు. రేణువులు ఒకదానితో నొకటి కూడి బరువై అడుగునకు దిగును.

మురుగునీటి పరీక్ష వేఱుగ నుండును. మురుగని ముక్కు మూసికొనవలదు. మా మట్టుకు మాకు త్రాగునీటికంటె ఇదియే ఆసక్తికరముగా నున్నది. పెద్ద తొట్టిలో మురుగునీటిలోనికి గాలి నూదుదురు. అందు కంటి కగపడని కోట్లకొలది జీవులు మురికిని తిని పెరుగును. పిమ్మట నీటిని మఱొక తొట్టిలో నిలిపినచో ఆ జీవులు బురదగా అడుగున పేరుకొనును, పైనీరు తేటపడును. ఆ బురదలో కొంత తీసి మరల మొదటి తొట్టిలో వేయుదురు. దీనిని చదివినప్పుడు మాకు పెరుగుతోడు జ్ఞాపకము వచ్చినది. నిన్నటి పెరుగు కొంచెము మిగుల్చుకొననిచో నేడు పాలు తోడుకొనవు. తోడు మరీ ఎక్కువైనచో పులియును. ఎంత బురద తిరిగి వేయవలెను, ఎంత తీసివేయవలెను అను విచక్షణయే ఆ యాపరేటరు పనితనము. తొట్టినీటిని లీటరు జాడీలో పోసి అరగంట నిలిపి, బురద ఎంతవఱకు దిగినదో ప్రతిదినము చూతురు. ఒక్కొక్కప్పుడు దారపుపోగులవంటి క్రిములు ఎక్కువై, బురద దూదివలె తేలి అడుగునకు దిగదు. అప్పుడు సూక్ష్మదర్శినిలో చూచి కారణము వెదకవలెను. జీవశాస్త్రము చదివిన సోదరీమణులకు ఇంతకంటె ఇంపైన కొలువు మేమెరుగము.

ఇక లైసెన్సు సంపాదించు త్రోవ. ఒంటారియోలో 2002లో సురక్షిత త్రాగునీటి చట్టము చేసిరి. 2004లో ఆపరేటర్ల యోగ్యతాపత్రములకు క్రొత్త నిబంధనలు వచ్చినవి. పరీక్షలేక పత్రములు పొందిన పాతవారు రెండేండ్లలో పరీక్ష వ్రాయవలెననియు, అందఱును నిర్ణీతకాలమునకు పత్రమును మరల పొందవలెననియు న్యాయమూర్తి సిఫారసు చేసియుండెను. ఇప్పుడు కొత్తగా చేరువారు ఉన్నతపాఠశాల చదువు ముగించి, పరీక్ష నిచ్చి, మొదట శిక్షణలోనున్న ఆపరేటరుగా పత్రము పొందుదురు. ఆ పత్రముతో పనిలో చేరి, అనుభవజ్ఞుల క్రింద సంవత్సరము పనిచేసినపిమ్మట మొదటి తరగతి పత్రమునకు అర్హులగుదురు. తరగతులు నాలుగు, కేంద్రము ఎంత పెద్దదో, ఎంత చిక్కైనదో దానినిబట్టి తరగతి. నూటికి డెబ్బది మార్కులు రావలెను. పత్రము మూడేండ్లు చెల్లును. ఆలోపున శిక్షణగంటలు పూర్తిచేసినట్లు చూపినగాని మరల నీయరు. నీటిశుద్ధికి వేఱు, ఊరి గొట్టములకు వేఱు, మురుగుశుద్ధికి వేఱు పత్రములు. ఈ శిక్షణ నిచ్చుటకు ప్రభుత్వమువారు 2004లో ఒక కేంద్రమును స్థాపించిరి. దానిని ఏ మహానగరములోను పెట్టక, ఆ వాకర్టనులోనే పెట్టిరి.

అమెరికాలో ఏ రాష్ట్రమునకా రాష్ట్రము లైసెన్సు నిచ్చును. 1996లో త్రాగునీటి చట్టమును సవరించినపిమ్మట, 1999లో కేంద్ర పర్యావరణ సంస్థ రాష్ట్రములన్నిటికి కనీస మార్గదర్శకములను ప్రకటించెను. కాలిఫోర్నియాలో నీటిశుద్ధికి అయిదు తరగతులు, గొట్టముల పనికి అయిదు, మురుగునకు అయిదు. టెక్సాసులో డి తరగతితో మొదలై ఏ తరగతివఱకు పోవుదురు. ఒక రాష్ట్రపు పత్రము మఱొక రాష్ట్రమున తానై చెల్లదు. కావున భర్త ఉద్యోగమునుబట్టి ఊళ్లు మాఱువారు ముందుగా విచారించుకొనవలెను. చదువునకు మాత్రము ఇల్లు విడువ నక్కఱలేదు. శాక్రమెంటో నగరమందలి కాలిఫోర్నియా రాష్ట్ర విశ్వవిద్యాలయమున కెన్నెత్ కెర్రి అను ఆచార్యుడు ఆపరేటర్లకొఱకే సంపుటములు వ్రాయించెను. వానిని ఇంటిలో చదివి, పాఠముల వెంబడి పరీక్షలు వ్రాయవచ్చును. భాష సులభము, వలసినది ఓపిక. పిల్లలను నిద్రపుచ్చి రాత్రి గంటసేపు చదువుకొను తల్లికి తగినదే.

కష్టములు చెప్పకుండుట మోసము. ఇది కుర్చీపని గాదు. రాత్రిపాళ్లు కలవు, మంచు పడుచుండగా గొట్టము పగిలినచో వెడలవలెను. క్లోరిను వాయువు ఊపిరితిత్తులకు విషము. మురుగుబావులలో కుళ్లిన గ్రుడ్ల వాసనగల వాయువు పుట్టును. అది కొంచెముగా నున్నప్పుడు వాసన తెలియును, ఎక్కువైనప్పుడు ముక్కు మొద్దుబాఱి వాసనయే తెలియదు. వాసన పోయినది గదా యని దిగినవాడు తిరిగి రాడు. అందుచేత గాలిని కొలువక, పైన కావలి మనిషి లేక దిగరాదని ఆ పరీక్షలలో నేర్పుదురు. మన నగరములలో మ్యాన్‌హోలులోనికి దిగి చనిపోయినవారి వార్తలు చదువునప్పుడెల్ల మాకు ఈ మాటయే తోచును: దిగినవారికి ఈ పాఠము ఎవరును చెప్పలేదు. రక్షణ లేక మనిషిని మురుగుకాలువలోనికి దింపుట నేరమని 2013లో మన పార్లమెంటు చట్టము చేసెను, చావులు ఆగలేదు.

స్త్రీలు ఈ వృత్తిలో తక్కువ. అమెరికా నీటిరంగమున పనిచేయువారిలో స్త్రీలు నూటికి పదునైదుగురు కూడ లేరని 2018లో బ్రూకింగ్స్ సంస్థవారు ప్రకటించిరి. బరువులెత్తు పనియని కొందఱు కారణము చెప్పుదురు. ఇంటికి నీరు తెచ్చుట తరతరములుగా ఆడువారి నెత్తిమీదనే పెట్టిన లోకములో ఈ కారణము చెప్పుట వింతయే. స్వదేశమున 2019లో మొదలైన జల జీవన్ మిషను క్రింద, గ్రామమునకు అయిదుగురు స్త్రీలకు నీటి పరీక్షపెట్టె వాడుట నేర్పవలెనని నిర్ణయించిరి. మన జాతీయ ప్రమాణము ప్రకారము కుళాయి నీటిలో లీటరుకు కనీసము 0.2 మిల్లిగ్రాము క్లోరిను మిగిలియుండవలెను. మీ గ్రామమున ఆ పెట్టె యెవరియొద్ద నున్నదో, దానిని కడపట తెఱచినది యెప్పుడో సర్పంచిని అడుగుడు. పుస్తకమును కూడ చూపుమనుడు. అందులో ప్రతివారము ఒకే అంకె యున్నచో, మీరే ఒక గ్లాసెడు నీరు పట్టి మీ యెదుట పరీక్షింపుమనుడు.

విదేశమునకు పోవు సోదరీమణులకు ఒక్క మాట. ఇచ్చటి డిగ్రీలను అచ్చటి చదువుతో పోల్చి సమానపత్రము తెచ్చుకొనవలసి యుండును. దానికి విశ్వవిద్యాలయమువారు మార్కుల పత్రములను ముద్రవేసిన కవరులో నీయవలెనని సాధారణముగా కోరుదురు. అక్కడినుండి వ్రాసి తెప్పించుకొనుట మాసములకొలది పని. ప్రయాణపు సామానులో ఆవకాయ జాడీకి చోటు చూచుకొనునప్పుడే ఈ పనియు పూర్తిచేసికొనుడు.